కంప్యూటర్స్ వదిలి ఇంజినీరింగ్‌కా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ తర్వాత బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరా. ఇప్పుడు రెండో ఏడాది. కోడింగ్ బుర్రకెక్కట్లేదు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కు మారాలనుంది. వేరుశనగ రైతైన నాన్న రెండేళ్లు దండగవుతాయంటున్నారు.
- ఓ విద్యార్థి, ఉరవకొండ

జవాబు: కోడింగ్ నిజంగానే నచ్చలేదా, సొంతంగా చేసి చూడలేదా? చాలామందిది రెండో బాధే. ల్యాబ్ రికార్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించడంతోనే సరిపెడతారు. ఓ నెలపాటు రోజూ గంటసేపు నాన్నగారి పంట లెక్కనే ప్రోగ్రామ్‌గా రాయండి: విత్తనకాయలు, ఎరువు, కూలీలు, వచ్చిన మూటలు, మిగిలిన సొమ్ము. తప్పు ఎక్కడుందో వెతుకుతూ టైమ్ మర్చిపోతే ఆ సబ్జెక్టు మీకు పడుతుంది. పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ పుస్తకమూ తిరగేయండి. ఊరి చుట్టూ ఉన్న గాలిమరల మీద మోజు వేరు, ట్రాన్స్‌ఫార్మర్ లెక్కలు వేరు.

అయినా మారాలనిపిస్తే, ఈఏపీసెట్ రాసి మొదటి ఏడాది నుంచి చదివితే నాలుగేళ్లు. డిగ్రీలో మ్యాథ్స్ ఉంటే, అది ముగించి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మిగిలిన ఏడాది, ఆపై మూడేళ్లు. అదీ నాలుగే! పైగా చేతిలో డిగ్రీ ఉంటుంది. నేనైతే ఇదే చెబుతా. నాన్నగారికీ ఈ లెక్క చూపించండి. కాకపోతే ఇంజినీరింగ్ డ్రాయింగ్ లాంటి మొదటి ఏడాది సబ్జెక్టులు అదనంగా పాసవ్వాలి.

మీ మ్యాథ్స్ అర్హతకు సరిపోతుందో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మళ్లీ వస్తుందో టీసీ తీసుకోకముందే ప్రిన్సిపాల్‌ను, ఈసెట్ హెల్ప్‌లైన్ కేంద్రాన్ని అడగండి. ఈ దిగులుతో నిద్ర, తిండి తప్పితే మాత్రం ఆగకండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.