కరెంటు కొలువులు మీటరు ఇవతలే

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా నందపూర్ ప్రాంతంలో కరెంటు ఉద్యోగం అనగానే విద్యార్థులకు జలవిద్యుత్ కేంద్రమో, లైన్‌మ్యాన్ పోస్టో గుర్తుకొస్తుంది. రావడం సహజమే. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి ఇక్కడ కరెంటు ఇస్తోంది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఈ సీమలోనే ఎగువ కొలాబ్ 320, బలిమెల 510 మెగావాట్ల కేంద్రాలున్నాయి. అయితే ఆనకట్ట కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది గానీ, కట్టాక కేంద్రాన్ని నడపడానికి కొద్దిమంది చాలు. ఖాళీలూ ఎప్పుడో గానీ పడవు. ఇక ముందు ఎక్కువమందికి పని దొరికేది మీటరుకు ఇవతల, అంటే ఇంటి వైరింగు, ఫ్యాను, ఇన్వర్టరు, పైకప్పు మీది సోలార్ పలకల దగ్గర. కాబట్టి ఐటీఐ, డిప్లొమా విద్యార్థులు కరెంటు పొదుపును ఓ వృత్తిగా నేర్చుకోవడం మంచిది.

ఇందుకు లెక్కలే ఆధారం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యానుకు 30 వాట్లు చాలు. నాలుగు లక్షల ఇళ్లలో ఒక్కో ఫ్యాను మారి, అవన్నీ ఒకేసారి తిరిగితే తగ్గే భారం 18 మెగావాట్లు. మాచ్‌ఖండ్‌లోని చిన్న యూనిట్ ఒక్కోటి 17 మెగావాట్లే. పైగా ఇంట్లో ఒక యూనిట్ కరెంటు మిగిలితే, తీగల్లో పోయే నష్టం కూడా కలిసి ఉత్పత్తి దగ్గర అంతకంటే ఎక్కువే మిగులుతుంది. సోలార్‌లోనూ చిన్న పనులకే ఎక్కువమంది కావాలి. సీఈఈడబ్ల్యూ, ఎన్ఆర్‌డీసీ సంస్థలు 2017లో వెలువరించిన అంచనా ప్రకారం, నేల మీద పరిచే పెద్ద ప్లాంటులో మెగావాటుకు మూడున్నర మంది ఏడాది పని ఉంటే, ఇళ్ల కప్పుల మీద దాదాపు 25 మంది పని ఉంటుంది. ప్రతి కప్పునూ విడిగా చూడాలి, కొలవాలి, బిగించాలి కదా. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. కేంద్రం ఇచ్చే రాయితీ 3 కిలోవాట్లకు రూ.78,000.

ఈ దారిలో మూడు మెట్లున్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు మొదటిది. దాని మీద మూడు నెలల సూర్యమిత్ర శిక్షణ చేస్తే సోలార్ బిగింపు, మరమ్మతు చేతికొస్తాయి. రెండోది డిప్లొమా, గుత్తేదారుల దగ్గర సూపర్‌వైజరుగా, డిజైన్ సహాయకుడిగా చేరొచ్చు. మూడోది ఎనర్జీ మేనేజర్ లేదా ఆడిటర్. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే పరీక్ష రాయడానికి ఇంజినీరింగ్ పట్టభద్రులకు మూడేళ్లు, డిప్లొమా వారికి ఆరేళ్ల అనుభవం ఉండాలి. మేనేజరుకు మూడు పేపర్లు, ఆడిటరుకు నాలుగు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద గుర్తించిన భారీ వినియోగదారులు ఎనర్జీ మేనేజరును నియమించుకోవడం తప్పనిసరి. ఆ జాబితాలోని రంగాల్లో అల్యూమినియం, కాగితం ఉన్నాయి. దామన్‌జోడిలో నాల్కో, రాయగడ దగ్గర జేకే పేపర్ ఆ రంగాలవే.

నెలకు నలభై యూనిట్లు కూడా కాల్చని పేద ఇంట్లో పొదుపు చేసేదేముందని అడగవచ్చు. నిజమే, అక్కడ బిల్లులో తగ్గే రూపాయలు కొద్దే. కానీ ఆ ఇంట్లోకీ రేపు ఫ్రిజ్, మిక్సీ వస్తాయి. ఇప్పుడే సరైన వైరింగు, ఎర్తింగు, తక్కువ వాట్ల పరికరాలు ఉంటే కొత్త అవసరాలు బిల్లు మరీ పెరగకుండా తీరతాయి, సాయంత్రం పూట వోల్టేజి కూడా నిలుస్తుంది. మారుమూల ఊళ్లకైతే చిన్న వ్యవస్థలే ఆధారం. కొరాపుట్ జిల్లా పుట్‌సిల్‌లో 1990ల చివర వాగునీటితో నడిచే చిన్న కేంద్రాన్ని స్వచ్ఛంద సంస్థ సాయంతో ఊరివాళ్లు కట్టుకుని నడుపుకున్నారు. దగ్గర్లో మరమ్మతు తెలిసిన మనిషి లేకపోతే అలాంటివి ఎంతో కాలం నిలవవు.

రాయితీ ఆగితే పనీ ఆగుతుందన్న భయానికి ఎల్ఈడీ బల్బులు చవకగా పంచిన ఉజాలా పథకమే జవాబు, హెచ్చరిక కూడా. 2014లో రూ.310 ఉన్న ఎల్ఈడీ బల్బు సేకరణ ధర 2016కల్లా రూ.38కి దిగింది. పంపిణీ కౌంటర్లలో దొరికిన తాత్కాలిక పని పోయింది, ఎల్ఈడీ మాత్రం ప్రతి దుకాణంలోనూ నిలిచింది. అందుకే పథకం పేరు చూసి కోర్సు ఎంచుకోకూడదు. సోలార్ పలక పాతికేళ్లు పనిచేస్తుంది, దాని ఇన్వర్టరును మధ్యలో ఒకసారైనా మార్చాలి. బిగింపు ఒక్కటే నేర్చినవాడికి సీజన్ పనే మిగులుతుంది. వైరింగు, మోటార్ వైండింగు, ఇన్వర్టర్ మరమ్మతు కలిపి నేర్చినవాడికి కొరాపుట్ వానాకాలంలోనూ పిలుపు వస్తుంది. మొదట్లో ఆదాయం ప్రభుత్వ జీతంలా నిలకడగా ఉండదు, ఆ సంగతి ముందే తెలిసి దిగాలి.

తెలుగు కుటుంబాల పిల్లలకు ఇక్కడొక అనుకూలత ఉంది. ఒడియా, తెలుగు, స్థానిక దేశియా మాట్లాడగలిగినవారు కొండ మీది ఊరికీ, విశాఖ వైపు గుత్తేదారుకీ పనికొస్తారు. అయితే వైరింగు పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు కాబట్టి, ఎక్కడ పని చేయాలనుకుంటున్నారో ముందే తేల్చుకుని దరఖాస్తు చేయాలి. దక్షిణ ఒడిశాలో పంపిణీ బాధ్యత 2021 నుంచి టీపీఎస్ఓడీఎల్ సంస్థది. ఇంటి సోలార్ కరెంటులో మిగిలింది గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో సర్దుకునే నెట్ మీటరింగు నిబంధనలు అక్కడే తెలుసుకోవచ్చు. కోర్సులో చేరేలోపు ఇంట్లోని ప్రతి పరికరం వాట్లు, అది నడిచే గంటలు రాసి, వచ్చిన యూనిట్లను నెల బిల్లుతో పోల్చి చూడండి. తేడా ఎక్కడొచ్చిందో వెతకాలనిపిస్తే ఈ వృత్తి మీకు సరిపోతుంది. విసుగనిపిస్తే ఫీజు కట్టకముందే మరో దారి చూసుకోవచ్చు.