డాక్టరుకు చెప్పని ఇంటి సంగతి

"మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?" అని డాక్టరు అడిగితే చాలామందిమి ఆలోచించకుండానే "లేదండీ" అంటాం. మేమూ ఏళ్ల తరబడి అదే చెప్పాం. అబ్బా 52వ ఏట ఫజర్‌కు వజూ చేస్తూ కూలిపోయారు. గ్యాస్ నొప్పి అన్నారు, ఆయుష్షు అంతే అన్నారు. అసర్ తర్వాత జనాజా లేచింది. ఆ మరణాన్ని జబ్బుల లెక్కలో వేయాలని ఎవరికీ తోచలేదు. 46వ ఏట తమ్ముడికి స్టెంట్ వేశాక గాని మా జవాబు మారలేదు.

డాక్టరుకు ముఖ్యంగా కావలసింది వయసు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే మనకు ముప్పు ఎక్కువని వైద్యులు లెక్కిస్తారు. 80 ఏళ్ల వయసులో వచ్చిన గుండెపోటు వేరు, 48లో వచ్చింది వేరు. అందుకే "ఉంది" అని ఊరుకోకుండా ఎవరికి, ఏ వయసులో, ఏం జరిగిందో చెప్పాలి. బైపాస్, పక్షవాతం, నిద్రలోనే పోవడం కూడా చెప్పాల్సినవే.

మన ఇళ్లలో చాచా, మామూ, ఫూఫీ, ఖాలా పిల్లల మధ్య సంబంధాలు కలుపుకుంటాం. పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే లోపం ఒకటి వంశాల్లో దిగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. దగ్గరి బంధువులు కాబట్టి ఇద్దరికీ ఉంటే, రెండు వైపుల నుంచీ అందుకున్న బిడ్డకు బడికి వెళ్లే వయసులోనే గుండెజబ్బు రావచ్చు. మోచేతుల మీద, మడమ వెనక పసుపుపచ్చని గడ్డలు కనబడితే చర్మరోగమని వదిలేయకూడదు. ఇది బిర్యానీ మానేస్తే పోయేది కాదు, మందులు వాడాలి.

తెలిసీ దాచేవాళ్లున్నారు, ఆడపిల్లకు రిష్తా చెడుతుందని. డాక్టరు గది పెళ్లిచూపుల గది కాదు గదా!

తెలియనివాళ్లు ఈద్ రోజు షీర్‌ఖుర్మా తాగుతూ ఫూఫీని అడగండి. తేదీలు చెప్పలేకపోయినా "నీ అక్క పెళ్లైన ఏడాది" అని ఆమె అంటే వయసు మనమే లెక్క కట్టుకోవచ్చు. మేమలాగే దాదా తమ్ముడి సంగతి కూడా రాబట్టాం.

దాతలకు ఒక మనవి. ఈసారి క్యాంపులో మందులతోపాటు, ఇలాంటి కుటుంబాల పిల్లలకు కొలెస్ట్రాల్ పరీక్ష ఖర్చు కూడా చూడండి. మా తమ్ముడి కొడుక్కి 19 ఏళ్లు. పోయిన నెలలో చేయించాం. ఇప్పుడు మందు వాడుతున్నాడు.