జింకలకు మేతబీడు, పైరుకు కాపుదల

మెట్ట సేద్యము చేయు రైతులకు కృష్ణజింకల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణా, తుంగభద్ర నదులకు ఇరుప్రక్కల ఉన్న రేగడి మైదానములలో, మక్తల్, నారాయణపేట మొదలు కర్నూలు, నంద్యాల ప్రాంతముల వరకు, తొలకరి విత్తనము మొలచి రెండాకులు వేసినదో లేదో మందలు దిగును. వేరుసెనగ, కంది, పెసర, ప్రత్తి మొలకలు మొదలంట కొరికివేయును. మరల విత్తనము కొనవలెను, మరల గొర్రు తోలవలెను. ఈలోపల అదను దాటిపోవును. అదను పోయిన చేనికి తరువాత ఎంత ఎరువు వేసినను లాభము లేదు.

ఈ జంతువు స్వభావము తెలిసినగాని దీనికి ఉపాయము తోచదు. కృష్ణజింక అడవి జంతువు కాదు, బయలు జంతువు. దట్టమైన చెట్లలో నిలువదు. నలుదిక్కులు కనబడు పొట్టి గడ్డి మైదానము దానికి ఇష్టము. దాని ముఖ్య ఆహారము పచ్చిగడ్డి. ఎండలలో గడ్డి ఎండినపుడు తుమ్మకాయలు తిని గడుపుకొనును. దుప్పి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును గాని, కృష్ణజింక మగదాని మెలికల కొమ్ములు రాలవు. దుప్పి చెట్ల నీడను విడువదు, ఇది నీడను కోరదు. కనుక దుప్పికి చెప్పిన ఉపాయము దీనికి పనికిరాదు.

గడ్డి తిను జంతువు చేనికి ఎందుకు వచ్చుచున్నది? మన గ్రామములలో బీడు తరిగిపోయినది. కొంత దున్నకము క్రిందకు వచ్చినది. మిగిలినదానిలో సర్కారు తుమ్మ అల్లుకొని గడ్డిని మొలవనీయదు. తుమ్మ రాని చోట గొర్రెలు, మేకలు ఏడాది పొడుగున మేసి దుబ్బు వేరుతో సహా పోగొట్టినవి. తొలకరి నాటికి ఊరంతటిలో పచ్చగా కనబడునది మీ చేను ఒక్కటే. బీడు లేనిచోట చేనే బీడగును.

అందుచేత గ్రామమునకు దూరముగ జింకలకని కొంత గడ్డిబీడు పెంచుట మంచి ఉపాయము. అమెరికా దేశములో తెల్లతోక దుప్పుల కొరకు మేత మళ్లు వేయు అలవాటు ఎంతో కాలముగ ఉన్నది. అక్కడ క్లోవరు వంటి పైర్లు వేసి దుప్పులను దగ్గరకు రప్పింతురు. వేటకాండ్రకు అది అనుకూలము. మనకు కావలసినది రప్పించుట కాదు, ఉన్నచోటనే నిలుపుట. అందుచేత వారి పద్ధతిలో కొంత తీసుకొని కొంత విడువవలెను.

ముందుగా ఒక హెచ్చరిక. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేక పిట్టల కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది. పశువులు రాకుండ గడ్డిని కాపాడగా జింకలు బాగుగ పెరిగినవి. అవి చుట్టుపట్ల చేలలో దిగగా రైతులకు కష్టము కలిగినది. గడ్డి ఒక్కటే పెంచి చేని కాపుదల విడిచిన యెడల ఇట్లే జరుగును. రెండును కలసి జరుగవలెను. మేతబీడు వేసితిమి గదా అని మంచె దిగి ఇంటికి పోవుట ఎంతమాత్రము తగదు.

ఎంత నేల, ఎక్కడ

అర ఎకరము మడి వేసి ఫలితము లేదని కొందరు విసుగుకొందురు. లెక్క చూడుడు. పెద్ద జింక బరువు సరాసరి 30, 35 కిలోలు. రోజుకు ఎండు లెక్కన సుమారు ఒక కిలో గడ్డి తినును. 30 జింకల మందకు రెండు నెలలకు 1,800 కిలోలు కావలెను. వర్షాధారపు నేలలో మంచి గడ్డి ఎకరమునకు ఏడాదికి ఒక టన్ను ఎండుగడ్డి ఇచ్చినదనుకొందము. దానిలో సగము దుబ్బు బ్రతుకుటకు విడువవలెను. అనగా ఎకరమునకు 500 కిలోలే మేతకు దక్కును. ఈ లెక్కన నాలుగు ఎకరములు. కాని తొలకరి రెండు నెలలలో ఏడాది గడ్డి అంతయు ఎదుగదు గనుక దానికి రెట్టింపు, ఎనిమిది ఎకరములు, ఉన్నగాని పని జరుగదు. ఇది ఒక రైతు చేయగల పని కాదు. గ్రామమంతయు కలసి, పంచాయతీ తీర్మానముతో, బంజరు లేక మేత పోరంబోకు నేలలో చేయవలెను. నేల అటవీశాఖది అయిన యెడల వారి అనుమతి లేనిదే గడ్డపార దింపరాదు.

చేను గట్టునకు ఆనుకొని మేత వేయుట, విందుకు పిలిచి వాకిట నిలిపినట్లు. జింకలు పగటి వేళ ఏ బయలులో నిలుచుచున్నవో రెండు వారములు గమనించుడు. పెంటికలు కుప్పగా పడిన చోట్లు వాటి ఠావులు. మగజింక ఒకే చోటనే మాటిమాటికి పెంటికలు వేయును. ఆ ఠావుల దగ్గరనే బీడు పెంచవలెను గాని, అక్కడికిని చేలకును నడుమ కాదు. వేసవిలో నీరు దొరకు గుంట ఒకటి బీడులోనే ఉండవలెను. లేనిచో దాహమునకు బయలుదేరిన మంద చేల మీదుగా పోవును.

ఉన్న గడ్డినేలను నాగలితో దున్ని క్రొత్త విత్తనము చల్లుట వ్యర్థము, నష్టము కూడ. పూర్వపు దుబ్బు అరకొరగా ఉన్నను దానిని కాపాడిన రెండేండ్లలో అదే అల్లుకొనును. ఖాళీలలో మాత్రము విత్తుడు. బీడులో చెట్లు నాటవద్దు. చెట్లు పెరిగిన చోటు కృష్ణజింకకు పనికిరాదు.

సర్కారు తుమ్మను నేలమట్టమునకు నరికిన యెడల ఒకటికి పది పిలకలు వచ్చును. మొదలు చుట్టును త్రవ్వి, నేల లోపల జానెడు క్రిందకు వేరు తెగునట్లు పెకలించవలెను. ఈ పని వేసవిలోనే ముగియవలెను.

విత్తుట

ఎర్ర నేలలకు అంజన్ గడ్డి, దానితో స్టైలో మేలు. నల్లరేగడిలో నీరు నిలుచును గనుక అక్కడ అంజన్ సరిగా రాదు. మార్వెల్ గడ్డి పిలకలు, వాటి నడుమ శంఖుపుష్పము వేయవచ్చును. అంజన్ విత్తనము ఎకరమునకు రెండు కిలోలు చాలును. క్రొత్తగా కోసిన విత్తనము నిద్రలో ఉండును గనుక, వెనుకటి ఏటి విత్తనమే తీసుకొనుడు. అది నూగుతో తేలికగా ఉండి గాలికి కొట్టుకొనిపోవును. తడి ఇసుకతో కలిపి చల్లి, కంపతో పైపైన ఈడ్చిన చాలును. లోతుగా పడిన గింజ మొలవదు. స్టైలో విత్తనము పై పొర గట్టిది. చేయి పెట్టలేని వేడి నీటిలో (సుమారు 80 డిగ్రీలు) నాలుగు నిమిషములు ఉంచి, వెంటనే చన్నీటిలో కడిగి, నీడన ఆరబెట్టి చల్లవలెను. నీరు సలసల మరగుచుండగా వేసిన గింజ ఉడికిపోవును.

జొన్న వేయవద్దు. లేత జొన్నలో విషము ఉండును. వానలు ఎగబెట్టినపుడు అది మరింత హెచ్చును. బీడులో జొరబడిన మీ ఎద్దుకే ముప్పు.

దీర్ఘకాలపు గడ్డినే ఎందుకు కోరవలెనో చెప్పెదను. ఈ పనికంతకు కీలకము ఇదియే. వేసవి చివర పడు మొదటి జల్లునకే పాత దుబ్బు వారము, పది దినములలో చివురించును. మీ చేను అప్పటికి దుక్కిలోనే ఉండును. అదను వచ్చి, విత్తనము వేసి, మొలక కనబడునప్పటికి జింకలు బీడులో మేతకు అలవాటుపడి యుండును. ఏటేట విత్తు పైరును మేతకని వేసిన యెడల అది మీ చేనితో పాటే మొలచును గనుక ఈ లాభము ఉండదు.

శీతకాలపు శనగకు మరియొక చిక్కు కలదు. ఆ నాటికి గడ్డి ముదిరి, వెన్ను వేసి, రుచి తప్పును. అందుచేత సెప్టెంబరులో బీడులో మూడవ వంతును అడుగు ఎత్తున కోసివేయుడు. శనగ మొలచు నాటికి అక్కడ లేత చిగురు లేచును. స్టైలో, శంఖుపుష్పము కూడ అప్పటికి పచ్చగానే ఉండును. కోసిన గడ్డి గొర్రెల కాపరులకు ఇచ్చివేయుడు. ఈ మాట తేలికగా తీసుకొనరాదు. కాపరులతో ముందుగా ఒప్పందము లేని బీడు ఒక నెల కూడ నిలువదు. వారికి వేరొక మేత నేల చూపి, ఈ బీడులో కోత హక్కు ఇచ్చినచో వారే దీనికి కావలి అగుదురు. వారి గొర్రెలకు పారుడు రోగపు టీకా తప్పక వేయించుడు. ఆ రోగము జింకలకును సోకును.

బీడును కాపాడుట

మొదటి ఏడు బీడులో పశువును గాని, జింకను గాని మేయనీయరాదు. వేరు దిగని మొక్కను కొరికిన ఊడివచ్చును. రేగు కంప, తుమ్మ కంప చుట్టును వేయుడు. లోతైన కందకము త్రవ్వవద్దు, పిల్లలు పడి చచ్చును. గడ్డి విత్తనము రాలిన తరువాత చేలకు ఎదురుదిక్కున నాలుగైదు చోట్ల కంప తీసి దారి విడువుడు. చేల వైపు కంప అట్లే ఉండవలెను. ఎండాకాలమునకు ముందు చుట్టును రెండు బారల వెడల్పున గడ్డి చెక్కివేయనియెడల ఒక చుట్టముక్క చాలును, అంతయు బూడిద అగుటకు.

ఒక మూల కొంత గడ్డిని కోయక పొడుగుగా ఉంచుడు. లేడి ఈనిన తరువాత పిల్లను కొన్నాళ్లు గడ్డిలో దాచును. ఒంటరిగా పడుకొన్న పిల్ల కనబడినచో తల్లి విడిచిపోయినదని ఇంటికి తేవద్దు. తల్లి మేతకు పోయి యుండును, మరల వచ్చి పాలిచ్చును. ఊరకుక్కలను మాత్రము దూరముగ ఉంచవలెను.

జింకలు ఎంత మేసినవో తెలియుటకు సులభమైన పద్ధతి కలదు. గజము చదరమున ఒక చోట నోరు పెట్టుటకు వీలు లేకుండ కంప గూడు కప్పుడు. నెల తరువాత గూటి లోపలి గడ్డిని బయటి గడ్డితో పోల్చుడు. బయట సగమైన మిగిలియున్నచో బీడు చాలుచున్నది. బయట నేల కనబడుచున్నచో బీడు చాలలేదు, ఆ ఏడు చేలకు కావలి రెట్టింపు చేయవలెను.

చేనికి మొదటి 40 దినములు

మొలక మొదలు 40 దినములు గండము. ఊరిలో ముందుగా ఒక్కరే విత్తిన చేను మంద మొత్తమునకు బలి అగును. ఒక పొలమువారందరు ఒకే వారములో విత్తిన యెడల నష్టము పంచుకొనబడి ఏ ఒక్కరికిని మునక కాదు. వేరుసెనగ చుట్టు ఆముదము, శనగ చుట్టు నాలుగైదు సాళ్ల కుసుమ వేయుట మంచిదే. కాని కుసుమకు ముళ్లు వచ్చునప్పటికి శనగ సగము ఎదిగి యుండును. మొదటి నెలకు గట్టు పైరు కాపు కాదు. పాత చీరలు, మెరయు రిబ్బనులు వారము, పది దినములు పనిచేయును. తరువాత జింక వాటి ప్రక్కనే మేయును. మంచె, వడిసెల, వంతులవారీ కావలి, వీటిని మించినది ఇంకను రాలేదు. ఉదయము, సాయంకాలము ముఖ్యమైన వేళలు. మనుష్య సంచారము హెచ్చుగా ఉన్న చోట రాత్రియు దిగును.

ఖర్చు భరింపగలిగిన నలుగురైదుగురు కలసి సౌర కంచె వేసికొనవచ్చును. దాని యంత్రము క్షణకాలపు దెబ్బను ఆగి ఆగి ఇచ్చును గాని తీగలో కరెంటు ఎడతెగక పారదు. అందుచేత జంతువు బెదరి పోవునే గాని చావదు. జింక కంచె క్రింద నుండి దూరజూచును గనుక క్రింది తీగ అడుగు ఎత్తునకు మించరాదు. గడ్డి తీగకు తగిలినచో దెబ్బ నేలలోనికి పోవును, కనుక దాని క్రింద కలుపు తీయుచుండవలెను.

మోటారు కరెంటును తీగకు తగిలించు పని మాత్రము ఎవరును చేయరాదు. ఆ తీగకు జింక కంటె ముందు తగులునది తెల్లవారుజామున మడికి నీరు పెట్టవచ్చిన మీ అన్నదమ్ముడో, పాలేరో, మీ ఎద్దో కావచ్చును. ఇట్టి చావులు మన పల్లెలలో ఎన్నియో జరిగినవి. కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టములో మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని చంపిన వారికి మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఉచ్చు, వల, విషపు గింజ, అన్నియు వేట క్రిందకే వచ్చును.

పంట పోయినచో ఆ దినమే చేనిని, అడుగుజాడలను ఫోటో తీసి, అటవీ రేంజి కార్యాలయములో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసికొనుడు. పరిహారము చెల్లించు పద్ధతి రెండు తెలుగు రాష్ట్రములలోను కలదు. పట్టాదారు పుస్తకపు నకలు జతపరచుడు. అధికారి వచ్చి చూచు వరకు, లేక మీ ఊరి వ్యవసాయాధికారి వ్రాసుకొను వరకు, ఆ చెక్కను మరల దున్నవద్దు.