డ్రోను బ్యాటరీల రక్షణ – పంచాయతీల కర్తవ్యము

పత్తి, మిరప, వరి పైరులకు మందు చల్లు పనిలో డ్రోను నేడు రైతునకు చేదోడుగా వచ్చినది. వీపున పంపు మోయుచు, విషపు తుంపరల నడుమ దినమంతయు నడచు శ్రమ దీనివలన తగ్గుచున్నది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకము, దేశమందలి 15,000 మహిళా స్వయం సహాయక సంఘములకు డ్రోనులు సమకూర్చుటకు ఉద్దేశింపబడినది. ఖరీదులో 80 శాతము, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగా ఇచ్చుట ఇందలి ఏర్పాటు. అదనముగా నాలుగు బ్యాటరీ జతలు, త్వరగా నింపు చార్జరు, 15 దినముల శిక్షణ కూడ ఇందులో చేరియున్నవి.

ఇన్ని బ్యాటరీలు ఎందుకన్న సందేహము కలుగవచ్చును. మందు నింపిన డ్రోను ఒక జతతో కొద్ది నిమిషములు మాత్రమే ఎగురును. ఒక జత ఎగురుచుండగా మరియొకటి చార్జింగులో ఉండవలెను. అనగా, పని దినములలో ఉదయము మొదలు సాయంకాలము వరకు ఊరిలో ఎక్కడనో ఒకచోట చార్జింగు జరుగుచునే యుండును. శిక్షణ పొందినవారు ఒకరిద్దరే. ప్రమాదము వాటిల్లినచో నష్టపడునది వాడ వాడంతయు. కావున ఇది ఒక సంఘము వ్యవహారము మాత్రమే కాదు, పంచాయతీ వ్యవహారము.

ట్రాక్టరులో వాడు సీసపు బ్యాటరీ వేరు, డ్రోనులోని లిథియం బ్యాటరీ వేరు. దీని లోపలి ద్రవము సులభముగా మండునది. హద్దు మీరి చార్జి చేసినను, దెబ్బ తగిలినను, తడిసినను, మితిమీరి వేడెక్కినను లోపలి పొరలు చెడి ఒకదానికొకటి తగులును. అప్పుడు పుట్టిన వేడి మరింత వేడిని పుట్టించి, క్షణములలో మంటయు, విషపు పొగయు వెలువడును. ప్రక్కనున్న బ్యాటరీలకును ఆ మంట అంటుకొనును.

ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు గ్రామములలో ఈ విషయము మరింత ఆలోచింపదగినది. వేసవిలో ఇచ్చట ఎండ 45 డిగ్రీలకు చేరుట కలదు. పత్తి ఏరిన పిమ్మట అమ్మకము వరకు ఇండ్లలోనే పోగువేయుదురు. పూరిండ్లు, గడ్డివాములు, ఎండుటాకులు పరచుకొన్న అడవి అంచు దగ్గరగా నుండును. అట్టిచోట నిప్పురవ్వ ఒకటి చాలును.

చార్జింగునకు ఈ నియమములు పాటింపవలెను. డ్రోను దిగిన వెంటనే వేడి బ్యాటరీని చార్జరునకు తగిలింపరాదు, నీడలో చల్లారనీయవలెను. దానికై ఉద్దేశించిన చార్జరునే వాడవలెను. లిథియం పాలిమరు రకములో ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులతో నిండును. సెల్లులన్నిటిని సమముగా నింపు పద్ధతిలోనే చార్జి చేయవలెను. ఉబ్బినది, చీలినది, నేలబడి నొక్కుకొన్నది ఎన్నడును చార్జి చేయరాదు. చార్జింగు జరుగుచున్నంతసేపు పెద్దవారొకరు దగ్గర నుండవలెను. రాత్రి నిద్రించు వేళ చార్జింగు తగదు.

విద్యుత్తు లెక్కయు చూడుడు. 12 సెల్లుల బ్యాటరీ నిండునప్పటికి 50 వోల్టులుండును. దానిని 16 ఆంపియర్లతో నింపినచో 800 వాట్లు, రెంటిని ఒకేసారి నింపినచో 1,600 వాట్లు కావలెను. ఇంటిలోని 6 ఆంపియర్ల ప్లగ్గు ఇంచుమించు 1,400 వాట్లు మాత్రమే భరించును. కావున 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తు, తగిన తీగ తప్పనిసరి.

కొన్ని దినములు పని లేనప్పుడు బ్యాటరీని నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని ఉంచక, సుమారు సగము చార్జితో, సెల్లుకు 3.8 వోల్టుల చొప్పున, చల్లని పొడిచోట దాచవలెను. పురుగుమందు డబ్బాలతో గాని, ఎండలో నిలిపిన వాహనములో గాని ఉంచరాదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. అట్టి వరదలు వచ్చు పల్లెలలో బ్యాటరీలను మిట్టచోటికి ముందే చేర్చవలెను. నీట మునిగినది ఆరినట్లు కనుపించినను మరల వాడరాదు.

పొగ కనబడినచో మొదట మనుషులను దూరము పంపి, మెయిను స్విచ్చి ఆపి, 101కు ఫోను చేయవలెను. పొగను పీల్చరాదు. కరెంటు ఆగిన పిమ్మటనే, దూరము నుండి, పరిసరములకు మంట ప్రాకకుండ ఇసుకయు ధారాళముగా నీరును వాడవచ్చును. ఆరిన బ్యాటరీ మరల రగులుకొనుట గలదు, తాకరాదు.

పనికిరాని బ్యాటరీలను చెత్తకుప్పలోగాని, చెరువులోగాని వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాటిని తిరిగి సేకరింపవలసిన బాధ్యత ఉత్పత్తిదారులది. వేరుగా ఉంచి అప్పగించుట వాడినవారిది.

పంచాయతీ సభ్యులు తమ తదుపరి సమావేశములోనే మూడు తీర్మానములు చేయవలెనని మా మనవి. ఇండ్లకు, పత్తి నిలువలకు, అడవి అంచునకు దూరముగా, సిమెంటు నేలయు గాలియు గల చార్జింగు గదిని ఒకటి నిర్ణయింపవలెను. అచ్చట ఇసుక బకెట్లు, నియమముల పలక ఉంచవలెను. బాధ్యురాలైన సంఘ సభ్యురాలి పేరును గ్రామసభలో అందరికి తెలుపవలెను. దీనికగు వ్యయము స్వల్పము. ఏమరుపాటుకు చెల్లింపవలసిన మూల్యము ఒక రైతు ఏడాది పంట కావచ్చును, ఒక బిడ్డ ప్రాణమే కావచ్చును.