చూసినవాళ్లను ఎలా అడగాలి?
గని ప్రమాదాల విచారణలో పాల్గొనేవారికి

మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్ బోల్తా పడినా, బెంచీ జారినా, చూసినవాళ్లను మొదట ప్రశ్నించేది పైనుంచి వచ్చే అధికారులు కాదు. ఆ షిఫ్టులోని మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, తర్వాత సేఫ్టీ ఆఫీసర్. ప్రాణనష్టం జరిగిన చోటును ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా కదిలించకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 23వ సెక్షన్ చెప్పేది. మనిషిని కాపాడడం, మరో ప్రమాదాన్ని ఆపడం వంటి కొన్ని అవసరాలకే మినహాయింపు ఉండేది. టైరు గుర్తులను అంత జాగ్రత్తగా కాపాడతాం. సాక్షి జ్ఞాపకాన్ని మాత్రం తొందరపాటు ప్రశ్నలతో మనమే చెరిపేస్తాం.

ప్రశ్నలో వాడిన ఒక్క మాట జ్ఞాపకాన్ని మార్చగలదని అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో నిరూపించారు. కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ వేగమెంత అని కొందరిని, ‘నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు’ ఎంత అని మరికొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం కనిపించిందా అంటే మొదటి గుంపు 50 మందిలో ఏడుగురు, రెండో గుంపు 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు.

మరి ఎలా అడగాలి? ఎడ్వర్డ్ గైసెల్మన్, రోనాల్డ్ ఫిషర్ 1980లలో పోలీసుల కోసం రూపొందించిన పద్ధతి గనికీ పనికొస్తుంది. దాన్ని గని అవసరాలకు తగ్గట్టు మార్చుకుంటే ఇలా అడగాలి.

1. ముందు మనిషిని చూడండి. గాయపడితే వైద్యం, వణుకుతుంటే కాసేపు విశ్రాంతి. తర్వాత ఆలస్యం వద్దు.

2. సాక్షులను విడివిడిగా కూర్చోబెట్టండి. క్యాంటీన్‌లో నలుగురూ మాట్లాడుకుంటే నాలుగు జ్ఞాపకాలు కలిసి ఒకే కథవుతాయి.

3. ఏ భాషలో సులువుగా మాట్లాడతారో ఆ భాషలోనే చెప్పనివ్వండి. కోయ మాట్లాడేవారికి, హిందీ మాట్లాడే కాంట్రాక్టు ఆపరేటర్లకు, ఘటనతో సంబంధంలేని మనిషి చేత అనువాదం చేయించండి.

4. ఆ క్షణానికి తీసుకెళ్లండి. “ఎక్కడ నిల్చున్నావు? వెలుతురెంత? దుమ్ముందా? ఏ చప్పుడు వినిపించింది?” అని గుర్తుచేసుకోనిచ్చి, “చిన్నదైనా వదలకుండా మొత్తం చెప్పు. తెలియనిది తెలియదను, ఊహించొద్దు” అనండి.

5. మధ్యలో అడ్డుపడకండి. ఆగితే మీరూ ఆగండి. మరిన్ని వివరాలు ఆ మౌనం తర్వాత రావచ్చు.

6. “డంపర్ స్పీడుగా వచ్చింది కదా?” అనకండి. “డంపర్ ఎలా వచ్చింది?” అనండి. హారన్ గురించి అతను చెప్పాకే హారన్ గురించి అడగండి.

7. చివర్లో, జరిగినదాన్ని వెనక నుంచి ముందుకు చెప్పమనండి. వరుసలో దొరకని వివరం అలా దొరకొచ్చు.

8. అతని మాటల్లోనే రాయండి. చదివి వినిపించి, దిద్దనిచ్చి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి.

మెమో భయం ఉన్న చోట ఇవేవీ పనిచేయవు. “ఎవరిని ఇరికించాలని కాదు, ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని” అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇవ్వలేని హామీ మాత్రం ఇవ్వకండి.

తప్పుడు వివరం మీద రాసిన నివేదిక అసలు కారణాన్ని గనిలోనే వదిలేస్తుంది. తర్వాతి షిఫ్టులో దిగే కార్మికుడి ప్రాణం మీ మొదటి ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని ఆలోచించి అడగండి.