పెరటిపిట్టల ఛాయాచిత్రములు – పంచాయతి పట్టిక

గ్రామమున నల్లంచి నెరుగనివారు అరుదు. గోడమీదను, కంపమీదను వ్రాలి, తోక నిక్కించి తిరుగు నల్లని చిన్నపిట్ట యది. దానికంటె కొంత పెద్దదై, రెక్కపై పొడవైన తెల్లని పట్టీయు, తెల్లని పొట్టయు గలిగి, వేసవి వేకువలయందు కమ్మగా కూయునది పెద్ద నల్లంచి. రెంటిని ఒకే పేరుతో పిలుచువారును కలరు. నోటిమాటలో దీనివలన చిక్కు లేదు గాని, పంచాయతి పుస్తకములో వ్రాయవలసి వచ్చినపుడు ఏది యేదియో తేలదు.

పుస్తకములో వ్రాయు అవసరమేమని సభ్యులు ప్రశ్నింపవచ్చును. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య యాజమాన్య సంఘ మేర్పడవలెనని విధించినది. ఊరి చెట్లు, పంటరకములు, మందుమొక్కలు, పశుపక్ష్యాదులు, వానిని గూర్చి గ్రామస్థులకు గల తెలివి – వీనినన్నిటిని ప్రజా జీవవైవిధ్య పట్టికలో కెక్కించుట ఆ సంఘము పని. పక్షుల పుటలో "కాకులు, పిచ్చుకలు మొదలగునవి" అని యొక్క పంక్తితో సరిపుచ్చిన పట్టికలను మేము చూచితిమి. ఆ పంక్తి ఎవరికిని ఉపకరింపదు.

నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర, 1862–64 సంవత్సరములలో వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున నల్లంచి, పిగిలిపిట్ట, జినువాయి వంటి తెలుగు పేర్లను వ్రాసియుంచెను. ఆ కాలమున పేరుతో పాటు పక్షి రూపమును చూపవలెనన్నచో చిత్రకారుడు కావలసియుండెను. నేడు పేరు ప్రక్కన ఛాయాచిత్రము నతికించుట పాఠశాల బాలునికిని సాధ్యము.

ఛాయాచిత్రముపై తేదీ తప్పక యుండవలెను. ఊదారంగు తేనెపిట్ట మగది సంతానకాలమున నీలిమెరుపుతో నల్లగా నుండును. ఆ కాలము గడచిన పిదప పసుపు కలిసిన మాసిన రంగునకు మారి, గొంతునుండి పొట్టవరకు నల్లని చార మాత్రము మిగులును. చూచినవారు వేరొక పిట్ట యనుకొనుట సహజము. మగ గిజిగాని తలపై పసుపురంగును ఆ విధముగనే వానకాలపు సొమ్ము. తక్కిన దినములలో అది ఆడపిచ్చుకను పోలియుండును. తేదీ లేనిచో ఒక పక్షిని రెండుగా లెక్కించు ప్రమాదము కలదు.

తేనెపిట్ట పొడవు పది సెంటీమీటర్లు మాత్రమే. దూరమునుండి సెల్ ఫోనుతో తీసినచో చుక్కవలె కానవచ్చును. కెమేరా గలవారు 300 లేక 400 మిల్లీమీటర్ల లెన్సును వాడుదురు. సెకనులో వెయ్యవ వంతు వేగముతో తీసినగాని కదలిక ఆగదు. ఇట్టి సాధనములు లేనివారు పెరటిలో వెడల్పాటి మట్టిమూకుటిలో రెండంగుళముల నీరు పోసి, ప్రక్కన ఎండుకొమ్మ నాటవలెను. నీటికి వచ్చు పిట్ట మొదట కొమ్మపై వ్రాలి నాలుగు ప్రక్కల చూచును. పిట్టలు ఆ చోటి కలవాటుపడిన పిదప, ఫోనును దగ్గరలో కదలకుండ నిలిపి, వీడియో పెట్టి మనుష్యుడు తొలగిపోవచ్చును. ఉదయపు టెండ వీపునకు తగులునట్లు నిలుచుట మంచిది. తొందర పనికిరాదు. పిల్లులున్న యిండ్లలో మూకుడును పొదలకు దూరముగ నుంచవలెను.

ఇక గూటి మాట. ఒక తోటలో వంగమొక్క ఆకులను నూలుపోగులతోను, సాలెపట్టుతోను కుట్టి దర్జీపిట్ట గూడు కట్టినది. పై ఊరినుండి వచ్చిన యొకరు చిత్రమున పిల్లలు స్పష్టముగ కానరావలెనని అడ్డమున్న ఆకులను త్రుంచిరి. చిత్రము చక్కగా వచ్చినది. మరునాడు మేము చూచునప్పటికి గూడు చిరిగి ఖాళీగా నుండెను. జెముడుకాకి పనియని తోటమాలి చెప్పెను. ఆ ఆకులే గూటికి నీడ, ఆ ఆకులే తెర. తీసినవాని కీ సంగతి బహుశః నేటికిని తెలియదు.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున పక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గూళ్లను కలతపెట్టుట వేట క్రిందికే వచ్చును. గూటియొద్ద తీసిన చిత్రములను అనేక పోటీలవారు స్వీకరించుట మానినారు. ధ్వనిముద్రణమున పిట్టకూతను వినిపించి పిట్టను రప్పించుటయు మంచిపని కాదు. పోటీదారుడు వచ్చినాడని మగపిట్ట తన పని విడిచి వాని వెదకుచు తిరుగును.

ఛాయాచిత్రముల కొరకు మన చెరువుగట్లకు, తోపులకు వచ్చు పట్టణవాసులు ఇటీవల పెరిగిరి. వారిని రావలదనుట మా యభిమతము కాదు. వారియొద్ద గల సాధనములు మనకు లేవు. పంచాయతి మూడు షరతులు పెట్టవచ్చును: గూటి దాపునకు పోరాదు, కొమ్మ విరువరాదు, తీసిన చిత్రములలో ప్రతి పక్షికి ఒకటి చొప్పున, తేదీయు చోటును వ్రాసి, పంచాయతి కార్యాలయమున కీయవలెను. ఆ చిత్రములను గ్రామసభనాడు పెద్దలకు చూపి, వారు చెప్పు పేరును వారి మాటలలోనే పట్టికలో వ్రాసికొనవలెను. రెండు పేర్లు వచ్చినచో రెంటిని వ్రాయవలెను. గూళ్లున్న చోటులను మాత్రము వచ్చినవారికి చెప్పనక్కరలేదు.