కిన్నెరసాని అడవిలో ఉడుము

పాల్వంచ దాటి కిన్నెరసాని అభయారణ్యం వైపు వెళ్తే పుట్టల దగ్గర, చెట్ల తొర్రల్లో ఉడుము కనిపించవచ్చు. శాస్త్రీయనామం వరానస్ బెంగాలెన్సిస్, కుటుంబం వరానిడే. అడుగడుగునా నాలుక బయటికి చాపుతుంది. రెండుగా చీలిన ఆ నాలుక గాలిలోని వాసన కణాలను నోటి పైభాగంలోని జాకబ్సన్ అవయవానికి చేరుస్తుంది. ఎర జాడ తెలిసేది అలాగే. పరుగెత్తేటప్పుడు గొంతు సంచిని ఉబ్బించి గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. చాలా బల్లులకు ఈ సౌలభ్యం లేదు. గుడ్లను నేలలో గుంత తవ్విగానీ చెదపుట్టలోగానీ పెడుతుంది.

దక్షిణ అమెరికాలో దాదాపు ఇదే జీవనం తెగు బల్లిది. రూపం దగ్గరే, కుటుంబం మాత్రం వేరు: టీయిడే. వేర్వేరు కుటుంబాల్లో ఇలాంటి పోలిక రావడాన్ని అభిసారి పరిణామం అంటారు. నలుపు తెలుపు తెగు సంతానోత్పత్తి కాలంలో శరీర ఉష్ణోగ్రతను పరిసరాలకన్నా 10 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచుకోగలదని 2016లో తేలింది. శీతలరక్త జీవిలో ఇది అరుదైన విశేషం.

మాంసానికీ, చర్మానికీ, మూఢనమ్మకాలతోనూ ఉడుమును చంపడం బాధాకరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 మొదటి షెడ్యూలులో ఉన్నందున వేటకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.